కొయ్యలో దాక్కున్న జిగురు

వడ్రంగి బల్ల చేస్తుంటే ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? రెండు చెక్కలను చిత్రిక పట్టి నున్నగా చేస్తాడు. ఒకదాని అంచుకు జిగురు రాసి, రెండోదాన్ని ఆనించి, గట్టిగా బిగించి, రాత్రంతా అలా వదిలేస్తాడు. తెల్లవారి బిగింపు విప్పితే రెండు చెక్కలూ ఒకటే చెక్క! వెనకటి రోజుల్లో ఈ పనికి పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన జిగురు వాడేవారు. మన వడ్రంగులు దాన్ని 'వజ్రం' అనేవారు. పేరు విని ఉంగరంలో పొదిగే రాయి అనుకునేరు! కొండపల్లి బొమ్మలు చేసేవారు చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి చేసిన 'మక్కు'తో బొమ్మకు కాళ్ళూ చేతులూ అతికిస్తారు. ఇప్పుడు బజారులో దొరికే ప్లైవుడ్‌లోనైతే పలచని కొయ్య పొరలను అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పేర్చి, రసాయన జిగురులు పూసి, వేడి పలకల మధ్య అదిమి అతికిస్తారు.

జిగురు మారినా ఒక చిక్కు మాత్రం మారలేదు. పూసి బిగించిన తరువాత ఆ జిగురు ఎక్కడికి పోయింది? చెక్కలోకి ఎంత లోతు దిగింది? అన్నిచోట్లా సమంగా పరుచుకుందా, లేక మధ్యలో ఎక్కడైనా ఖాళీ మిగిలిందా? బయటినుంచి చూస్తే వెంట్రుకంత సన్నని గీత తప్ప మరేమీ కనబడదు. అతుకు గట్టిదో కాదో తెలియాలంటే విరగ్గొట్టి చూడాలి. విరగ్గొట్టిన తరువాత తెలిసి లాభమేమిటి?

బల్ల కాలు ఊడితే మళ్ళీ అతికించుకోవచ్చు. కాని ఈ చిక్కు ఒకసారి మన దేశపు ఆకాశంలోనే ప్రాణాల మీదికి తెచ్చింది.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌వారు 'మస్కిటో' అనే యుద్ధవిమానం తయారుచేశారు. మస్కిటో అంటే దోమ. ఇది మొదటిసారి ఎగిరింది 1940 నవంబరులో. అప్పట్లో విమానాలకు కావలసిన లోహాలకు ఎక్కడలేని గిరాకీ. అందుకని ఈ విమానాన్ని కొయ్యతో చేశారు. దాని ఒళ్ళంతా బర్చి ప్లైవుడ్ రేకుల మధ్య తేలికైన బాల్సా కొయ్య పెట్టి అతికించినదే. ఫర్నిచరు చేసే పనివాళ్ళు కూడా ఈ పనిలో చేరారు. కొయ్య విమానమని చులకనగా చూడకండి, అది గంటకు 600 కిలోమీటర్లకు పైగా వేగంతో పోయేది! మొదట్లో దాన్ని పాలలోని కేసీన్ అనే పదార్థం నుంచి తీసిన జిగురుతో అతికించారు. తరువాత యూరియా ఫార్మాల్డిహైడు జిగురుకు మారారు.

1944లో మన దేశంలోనూ, బర్మా వైపూ పనిచేస్తున్న మస్కిటోలు కొన్ని గాలిలో ఉండగానే రెక్కలు దెబ్బతిని కూలిపోయాయి. నవంబరులో అక్కడి మస్కిటోలన్నింటినీ నేలమీదే నిలిపివేశారు. దర్యాప్తు మొదలైంది. ఇంగ్లండు నుంచి వచ్చిన మొదటి బృందం, జిగురు చెడిపోలేదనీ వానాకాలపు తడి వల్ల కొయ్యలో వచ్చిన మార్పులే కారణమనీ చెప్పింది. తరువాత విచారించినవారు కాదు, తయారీలోనే లోపం ఉందన్నారు. చివరకు ఇంగ్లండులోనే ఉన్న విమానాలను విప్పి చూశారు. మన వానాకాలం మొహం చూడని, చెదపురుగు సోకని ఆ విమానాల్లో కూడా అటువంటి లోపాలే బయటపడ్డాయి! రెక్క మీది ప్లైవుడ్ రేకు, లోపల రెక్క బరువంతా మోసే ప్రధాన దూలానికి సరిగా అతకలేదు. ఆ అతుకు పొడవునా పైన ఒక ప్లైవుడ్ పట్టీ వేసి సరిచేశారు.

ఇంత తర్జనభర్జన ఎందుకు జరిగింది? అతుకు పైకి చక్కగానే కనిపిస్తుంది. లోపలి సంగతి చూడాలంటే విమానాన్ని కోయాలి.

జిగురు ఎక్కడ దాక్కుంటుందో తెలియాలంటే ముందు కొయ్య ఎలా ఉంటుందో తెలియాలి. కొయ్య ఇటుకలాగా గట్టి ముద్ద కాదు. అది సన్నని గొట్టాల కట్ట. చెట్టు బతికి ఉండగా వేళ్ళనుంచి ఆకులకు నీళ్ళు మోసిన గొట్టాలివి. దేవదారు జాతి చెట్లలో ఒక్కో గొట్టం, అంటే ఒక్కో కణం, సుమారు 3 మిల్లీమీటర్ల పొడవు, 0.03 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. చదరపు సెంటీమీటరు అడ్డకోతలో ఎన్ని గొట్టాలు పడతాయో లెక్క వేయండి. లక్షకు పైగానే!

ఇంకో చిన్న లెక్క. గొట్టాల గోడలుగా ఉన్న పదార్థం సాంద్రత ఏ చెట్టుకైనా దాదాపు ఒకటే, ఘన సెంటీమీటరుకు 1.5 గ్రాములు. అంటే అది నీటిలో మునగాలి. కాని ఎండిన టేకు ముక్క నీటిలో తేలుతుంది. దాని సాంద్రత సుమారు 0.65. ఆ లెక్కన మీరు చేత్తో పట్టుకున్న టేకు ముక్కలో సగానికి పైగా ఖాళీయే! వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు పై వరసలోని గొట్టాలు నిలువునా చీలి నోళ్ళు తెరుచుకుంటాయి. జిగురు దూరేది అక్కడినుంచే. మరీ పలచగా ఉంటే గొట్టాల వెంబడి లోపలికి జారిపోయి, అతుకు దగ్గర ఏమీ మిగలదు. మరీ చిక్కగా ఉంటే లోపలికి దిగకుండా పైపైనే గడ్డకడుతుంది. ఈ రెంటికీ మధ్య సరైన పాకం ఎక్కడో ఉంది. పాకం కుదిరిందని తెలిసేదెలా?

చాలాకాలం వరకూ సూక్ష్మదర్శినే దిక్కు. అతుకును పలచని పొరలుగా కోసి, రంగులు అద్ది చూసేవారు. ఇప్పటికీ చూస్తారు, అది మంచి పద్ధతే. కాని కోసేటప్పుడు కత్తి అంచు మెత్తని కొయ్యను నలుపుతుంది, పెళుసు జిగురును విరగ్గొడుతుంది. పైగా కనబడేది ఆ ఒక్క కోత మాత్రమే. పనసకాయను ఒక్కచోట కోసి, లోపల తొనలెన్నో చెప్పమన్నట్టు ఉంటుంది వ్యవహారం.

కోయకుండా లోపలికి చూడటానికి మనకు తెలిసిన సాధనం ఎక్స్ కిరణాలు. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ వాటిని కనిపెట్టాడు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతిని ఎక్స్-రే తీశాడు. ఎముకలూ, వేలికున్న ఉంగరమూ స్పష్టంగా పడ్డాయి. భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే విమానాల కొయ్యను ఎక్స్-రే తీసి లోపలి పగుళ్ళు వెతికే ప్రయత్నాలు జరిగాయి. పగులంటే గాలి ఉన్న చోటు. దాన్ని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. మరి జిగురునో?

ఇక్కడే తమాషా ఉంది. ఎక్స్-రే ఫిలిం మీద ఎముక తెల్లగా, కండ నల్లగా ఎందుకు పడతాయి? ఎముకలో కాల్షియం ఉంది. పదార్థం ఎక్స్ కిరణాలను ఎంతగా పీల్చుకుంటుందన్నది అందులోని మూలకం పరమాణు సంఖ్య మీద ఆధారపడుతుంది. మామూలుగా కాదు, సుమారుగా ఆ సంఖ్య ఘనాన్ని బట్టి. కర్బనం పరమాణు సంఖ్య 6, కాల్షియం 20. 20ని 6తో భాగించి ఘనం చేయండి. దాదాపు 37 వస్తుంది. అంటే ఎక్స్ కిరణాలను అడ్డుకోవడంలో ఒక గ్రాము కాల్షియం సుమారు 37 గ్రాముల కర్బనంతో సమానమన్నమాట. ఇది స్థూలమైన లెక్కే. కిరణాల శక్తిని బట్టి కొంత అటూ ఇటూ మారుతుంది.

ఇప్పుడు కొయ్యనూ జిగురునూ పక్కపక్కన పెట్టి చూడండి. కొయ్యలో ఉన్నవి కర్బనం, హైడ్రొజన్, ఆక్సిజన్. వానకు తట్టుకునే ప్లైవుడ్‌కు వాడే ఫీనాల్ ఫార్మాల్డిహైడు జిగురులో ఉన్నవి ముఖ్యంగా కర్బనం, హైడ్రొజన్, ఆక్సిజన్! ఎక్స్ కిరణాల కంటికి ఈ ఇద్దరూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న కవలలు. గాలి ఎక్కడ ఉందో, ఘనపదార్థం ఎక్కడ ఉందో చెప్పగలవు గాని, ఆ ఘనపదార్థం కొయ్యో జిగురో చెప్పలేవు.

ఇటువంటి ఇబ్బంది వైద్యులకు ఎప్పుడో వచ్చింది. కడుపు, పేగులు ఎక్స్-రేలో విడిగా తెలియవు. అందుకని రోగిచేత సున్నపు నీళ్ళలాంటి బేరియం సల్ఫేటు ద్రవం తాగించి ఎక్స్-రే తీస్తారు. బేరియం పరమాణు సంఖ్య 56. అది పోయిన దారంతా తెల్లగా వెలుగుతుంది. రక్తనాళాలను చూడాలంటే అయొడిన్ ఉన్న మందును ఎక్కిస్తారు. కొయ్య శాస్త్రజ్ఞులు కూడా ఈ ఉపాయమే పట్టారు. జిగురులో ఒక బరువైన పరమాణువును గూఢచారిగా పెట్టి పంపితే సరి!

ఏ పరమాణువును పంపాలి? ఫీనాల్ ఫార్మాల్డిహైడు జిగురు వండేటప్పుడు సోడియం హైడ్రాక్సైడు కలపడం మామూలు. మీ రసాయనశాస్త్ర పుస్తకంలో ఆవర్తన పట్టిక తెరిచి సోడియం కింద ఏముందో చూడండి. పొటాషియం, దాని కింద రుబీడియం. ఒకే వరసలో ఉన్నవి కాబట్టి గుణాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. కాని రుబీడియం పరమాణు సంఖ్య 37. సోడియం బదులు రుబీడియం వేసి జిగురు వండారు. ఎక్స్-రేలో అది చక్కగా కనిపించింది కూడా.

అయితే గూఢచారి నమ్మదగినవాడేనా? రుబీడియం జిగురు అణువుకు అంటిపెట్టుకుని ఉండదు, విడి అయానుగా ఉంటుంది. చెక్కలను వేడి పలకల మధ్య అదిమినప్పుడు జిగురులోని నీరు కొయ్యలోకి పోతుంది. ఆ నీటితోపాటు రుబీడియం కూడా జిగురును వదిలిపెట్టి షికారు పోతుంది! అప్పుడు ఎక్స్-రేలో మనం చూస్తున్నది జిగురునా, పారిపోయిన రుబీడియాన్నా? జిగురు బోలెడంత లోతు దిగిందని సంతోషిస్తాం. నిజానికి దిగింది జిగురు కాదు. బొమ్మ అందంగా వచ్చినా అబద్ధం చెప్పవచ్చునన్న మాట ఇక్కడ గుర్తుంచుకోదగినది.

అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కామ్కే బృందం ఈ చిక్కుకు ఒక దారి చూపింది. వాళ్ళు అయొడిన్‌ను జిగురులో ఊరికే కలపలేదు. ఫీనాల్ అణువులోని కర్బన వలయానికే రసాయన బంధంతో బిగించి, ఆ ఫీనాల్‌తో జిగురు వండారు. ఇప్పుడు జిగురు ఎక్కడికి పోతే అయొడిన్ అక్కడికి పోవలసిందే. విడిపోయే వీలు లేదు. అది నిజంగా జిగురుతోనే ఉందో లేదో మూలకాలను గుర్తుపట్టే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో సరిచూసుకున్నారు. అయొడిన్ పరమాణు సంఖ్య 53. ఇందాకటి లెక్కే మళ్ళీ చేయండి. 53ను 6తో భాగించి ఘనం చేస్తే దాదాపు 690! జిగురులో కొద్దిపాటి అయొడిన్ ఉన్నా చాలునన్నమాట.

ఇక ఫొటో తీయాలి. మామూలు ఎక్స్-రే ఒక నీడ మాత్రమే. ముందున్నదీ వెనకున్నదీ ఒకదానిమీద ఒకటి పడతాయి. గోడమీద పడిన నీడలో మనిషి చేయి ముందుకు చాపాడో వెనక్కి చాపాడో తెలియదు కదా? అతణ్ణి కొంచెం కొంచెంగా తిప్పుతూ ప్రతిసారీ నీడను గీసుకుంటే, ఆ నీడలన్నిటినీ బట్టి అసలు ఆకారం కట్టవచ్చు. దీనికి చాలా లెక్క కావాలి, ఆ లెక్క కంప్యూటరు చేస్తుంది. ఆసుపత్రులలో సి.టి. స్కాన్ అనేది ఇదే. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో మొదటిసారి ఒక రోగి తలను ఇలా చూశారు.

కొయ్యకు వచ్చేసరికి తేడా సూక్ష్మతలో ఉంది. గొట్టం గోడ మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. కెమెరాలో అడ్డంగా 2000 బిందువులు ఉన్నాయనుకోండి. ఒక్కో బిందువు ఒక మైక్రాన్‌ను చూపాలంటే, మొత్తం చూడగలిగే వెడల్పు 2000 మైక్రాన్లు, అంటే 2 మిల్లీమీటర్లే! అందుకని ప్లైవుడ్ అతుకునుంచి అగ్గిపుల్లంత ముక్క కోసి, కిరణాల ముందు నిలబెట్టి, అర చుట్టు తిప్పుతూ వెయ్యికి పైగా నీడలు పట్టుకుంటారు. అర చుట్టు చాలు, ఎందుకంటే మిగతా అర చుట్టులో ఆ నీడలే కుడి ఎడమలు తిరగబడి వస్తాయి. చివరకు కంప్యూటరులో తయారయ్యే బొమ్మలో 2000 ఘనం, అంటే 800 కోట్ల చిన్నచిన్న ఘనాలు ఉంటాయి. ప్రతి ఘనమూ గాలో, కొయ్యో, జిగురో తేల్చాలి.

మీరు గమనించే ఉంటారు, కోయకుండా చూస్తామని మొదలుపెట్టి చివరకు ముక్క కోశాం! నిజమే. ఎగిరే విమానం రెక్కనంతా ఇంత సూక్ష్మంగా చూడటం ఈ పద్ధతితో కాదు. కాని అతుకు ఉన్న చోట కత్తి పెట్టనవసరం లేదు. ముక్క చుట్టూ కోస్తే చాలు, లోపలి అతుకు చెక్కుచెదరదు.

ఇంత చిన్న ముక్కను చూడటానికి వాడిన యంత్రం మాత్రం ఊరంత పెద్దది. షికాగో దగ్గర ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతివేగంతో పరుగెత్తే ఉంగరం ఉంది. దాని చుట్టుకొలత 1.1 కిలోమీటర్లు. వంపు తిరిగినప్పుడల్లా ఎలక్ట్రాన్లు అతి తీవ్రమైన ఎక్స్ కిరణాలను చిమ్ముతాయి. దీన్ని సింక్రోట్రాన్ అంటారు. ఒరెగాన్‌వారు తమ కొయ్య ముక్కలను పట్టుకుని ఇక్కడికే వచ్చారు. మన దేశంలో ఇండోర్‌లో ఇండస్-2 అనే సింక్రోట్రాన్ ఉంది. చుట్టుకొలత 172 మీటర్లు. అందులో కూడా ఇలా ఎక్స్-రే చిత్రాలు తీసే ఏర్పాటు ఉంది.

మరి ఏం కనబడింది? జిగురు కొయ్యలోకి సమంగా ఇంకదు. ఒక గొట్టం నిండుగా ఉంటే పక్క గొట్టం ఖాళీ. గొట్టాలకు అడ్డంగా, చెట్టు నడుమనుంచి బెరడు వైపు సాగే దవ్వరేఖలు కొన్నిచోట్ల జిగురుకు పక్కదారులుగా పనిచేస్తాయి. స్విట్జర్లండులో జ్యూరిచ్ శాస్త్రజ్ఞులు బీచ్ కొయ్యను ఇటువంటి కిరణాలతోనే పరీక్షించారు. ఆ కొయ్యలో లావుపాటి దారునాళాలు ఉంటాయి. జిగురు ముఖ్యంగా ఆ నాళాల వల వెంబడే పోతున్నట్టు తేలింది. కాబట్టి ఒక కొయ్యకు కుదిరిన పాకం ఇంకో కొయ్యకు కుదరకపోవడంలో వింత లేదు. ఒరెగాన్‌లో ఇంకో అడుగు ముందుకు వేసి, అతుకును కొంచెం కొంచెంగా లాగుతూ మధ్యమధ్య స్కాన్ చేశారు. అతుకు తెగకముందే బరువు ఎక్కడ పోగుపడుతోందో, కొయ్య ఎక్కడ సాగుతోందో కనిపెట్టవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న తడి గురించి. జర్మనీ దక్షిణాన ఆల్ప్స్ పర్వతాల దగ్గర బాడ్ రైఖెన్‌హాల్ అనే ఊళ్ళో, మంచు గడ్డ మీద జారే ఆటల హాలు ఉండేది. 1970ల ప్రారంభంలో కట్టారు. పైకప్పు దూలాలు కొయ్యవి, యూరియా ఫార్మాల్డిహైడు జిగురుతో అతికించినవి. 2006 జనవరి 2న, కప్పు మీద మంచు పేరుకుని ఉండగా అది కూలిపోయింది. 15 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మీ ఈడువాళ్ళే. కట్టడం లెక్కల్లో కూడా తప్పులున్నాయని తరువాత తేలింది. కాని ఆ జిగురు ఏళ్ళ తరబడి తేమకు కొద్దికొద్దిగా విడిపోతూ వచ్చిందన్నది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. పైనుంచి చూసినవారికి దూలాలు దూలాల్లాగే ఉన్నాయి.

కొయ్య తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. జిగురు అలా ఉబ్బదు. ఒకరు సాగుతూ ఒకరు సాగకపోతే మధ్యన ఉన్న అతుకు చిరుగుతుంది. ఫీనాల్ జిగురు ఈ విషయంలో గట్టిది. మన దేశంలో బాగా తడి తట్టుకునే రకం ప్లైవుడ్‌కు ఉన్న పరీక్ష ఏమిటో తెలుసా? 72 గంటలు నీళ్ళలో మరిగించి, అతుకు నిలిచిందో లేదో చూస్తారు! ఈ గట్టిదనానికి కారణం వెతుకుతూ అమెరికాలోని మాడిసన్ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలవారు గొట్టాల బోలులోకే కాక గొట్టం గోడలోకి కూడా చూశారు. ఈసారి గూఢచారి బ్రోమిన్. ఎక్స్ కిరణాలు తగిలినప్పుడు ఒక్కో మూలకమూ తనదైన ఎక్స్ కిరణాలను తిరిగి వెదజల్లుతుంది. వాటిని బట్టి బ్రోమిన్ ఎక్కడుందో పటం గీశారు. జిగురులోని చిన్న అణువులు కణం గోడలోపలికే చొరబడి గట్టిపడుతున్నాయి. పెద్ద అణువులు గోడ బయటే ఆగిపోతున్నాయి. గోడలో జిగురు చేరిన చోట కొయ్య అంతగా ఉబ్బదు. ఎంత చేరితే చాలు, ఏ కొయ్యకు ఏ సైజు అణువు సరిపోతుంది అన్న లెక్కలు ఇప్పటికీ సాగుతున్నాయి.

సింక్రోట్రాన్ లేకపోయినా ఒక పరీక్ష మీరు ఇంట్లో చేయవచ్చు. పరిశ్రమల్లో ప్లైవుడ్‌ను పరీక్షించేవారు ఇప్పటికీ చేసేది ఇటువంటిదే. ఒక డజను ఐస్‌క్రీం పుల్లలు తీసుకోండి. రెండేసి పుల్లల కొనలు రెండు సెంటీమీటర్ల మేర ఒకదానిమీద ఒకటి వచ్చేలా తెల్ల జిగురుతో అతికించి, బట్టల క్లిప్పు పెట్టి ఒక రోజు ఆరనివ్వండి. ఆరు జతలు తయారవుతాయి. మూడు జతలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి, మూడింటిని పొడిగా ఉంచండి. మరునాడు అన్నిటినీ అతుకు దగ్గర విడదీసి ముఖాలు చూడండి. ఒక పుల్ల పీచు చిరిగి రెండో పుల్లకు అంటుకుని ఉంటే, ఆ చోట జిగురు కొయ్యకన్నా గట్టిదన్నమాట. నున్నగా విడిపోయి ఉంటే ఓడిపోయింది జిగురు. అతుకు ఆకారాన్ని గళ్ళ కాగితం మీద గీసుకుని, పీచు ఉన్న గళ్ళెన్ని, నున్నటి గళ్ళెన్ని లెక్కపెట్టి నూటికి ఎంతో వేయండి. పొడి జతలకు ఒక వరస, తడి జతలకు ఒక వరస రాసుకోండి.